ఫామ్ తెరవగానే కర్సర్ ఎక్కడుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్‌కి మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామ్ రాసిచ్చాను. పేషెంట్ల రిజిస్ట్రేషన్, బిల్లు, రిపోర్టు, అంతే. పొద్దున ఆరున్నరకి షట్టర్ లేపుతారు. ఫాస్టింగ్ షుగర్ వాళ్లంతా పరగడుపునే వస్తారు కాబట్టి ఎనిమిదింటిదాకా ఆ ముందుగదిలో కాలు పెట్టే చోటుండదు. ఒకరోజు ట్యూబులకు అంటించే స్టిక్కర్లు వంకరగా వస్తున్నాయని ఫోన్ చేస్తే వెళ్లాను. ప్రింటర్ పని పది నిమిషాల్లో అయిపోయింది. ఆ జనాన్ని తోసుకుంటూ బయటికి పోవడం ఎందుకని, రిసెప్షన్‌లో కూర్చునే అక్క వెనకాల ఒక స్టూల్ లాక్కుని కూర్చున్నాను. ప్రోగ్రామ్ ఇచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. దాన్ని రద్దీ వేళలో వాడుతుంటే పక్కన కూర్చుని చూడటం మాత్రం అదే మొదటిసారి.

అక్క ఎడమ చేత్తో డాక్టర్ చీటీ పట్టుకుంటుంది. చూపు చీటీ మీదో, ఎదురుగా ఉన్న మనిషి మీదో ఉంటుంది, స్క్రీన్ వైపు దాదాపు ఉండదు. మెనూలో కొత్త పేషెంట్ నొక్కుతుంది, ఫామ్ తెరుచుకుంటుంది, టక్ టక్ అని రెండు ఎంటర్లు కొడుతుంది, అప్పుడు "ఫోన్ నంబర్ చెప్పుండ్రి" అని అడిగి నంబర్ ప్యాడ్ మీద పది అంకెలు కొట్టేస్తుంది. తర్వాతి పేషెంట్. మళ్లీ టక్ టక్. ఐదారుగురు అయ్యాక ఉండబట్టలేక అడిగాను, "అక్కా, ముందు ఆ రెండు ఎంటర్లు ఎందుకు?"

"అది అట్లనే తమ్మీ. రెండుసార్లు కొడితే గానీ ఎక్కదు. మర్చిపోయి నంబర్ కొట్టిన్నంటే టింగ్ టింగ్ మంటది, మళ్ల మొదట్నుంచి చెప్పించుకోవాలె."

ఆ మాట ఆమె ఫిర్యాదులా అనలేదు. పాత బీరువా తలుపు కొంచెం ఎత్తి లాగితే వస్తుందని చెప్పినట్టు, చాలా మామూలుగా చెప్పింది. ఎనిమిది నెలలుగా రోజూ, ప్రతి పేషెంట్‌కీ, నా తప్పుని తన వేళ్లతో సర్దుకుంటోంది. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పాల్సిన విషయమని ఆమెకు అనిపించలేదు. కంప్యూటర్లు ఇలాగే ఉంటాయనుకుంది. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా నా చెవుల్లో ఆ టక్ టక్ మోగుతూనే ఉంది.

జరిగింది ఏమిటంటే, పేషెంట్ల వివరాలు దాచే టేబుల్లో నేను మొదట పెట్టుకున్న కాలమ్ పేషెంట్ ఐడీ, అది ఆటోనంబర్, అంటే యాక్సెస్ తానే వేసుకునే నంబర్. రెండోది రిజిస్ట్రేషన్ తేదీ, అది దానంతటదే నిండుతుంది. మూడోది ఫోన్ నంబర్. ఫామ్ విజార్డ్‌తో ఫామ్ చేయించుకున్నాను, అది కాలమ్‌లు ఉన్న వరుసలోనే బాక్సులు పెట్టింది, కర్సర్ ఏ బాక్సు తర్వాత ఏ బాక్సుకి పోవాలో చెప్పే ట్యాబ్ ఇండెక్స్ కూడా అదే వరుసలో సున్నా, ఒకటి, రెండు అని వేసుకుంటూ పోయింది. మనం ఏమీ చెప్పకపోతే యాక్సెస్ ఫామ్ తెరవగానే ట్యాబ్ ఇండెక్స్ సున్నా ఉన్న కంట్రోల్‌కి, అంటే ఆ బాక్సుకో బటన్‌కో, ఫోకస్ ఇస్తుంది, కొట్టిన కీ దానికే చేరుతుంది. అంటే కర్సర్ పోయి ఎవరూ ఏమీ టైప్ చేయలేని ఐడీ బాక్సులో నిలబడింది. అక్కడ ఏ అక్షరం కొట్టినా బీప్ వస్తుంది, కింద స్టేటస్ బార్‌లో ఇది ఆటోనంబర్ ఫీల్డు, మార్చడం కుదరదు అని సన్నగా ఒక లైను వస్తుంది. చీటీ చూస్తూ టైప్ చేసే మనిషి ఆ లైను ఎందుకు చూస్తుంది?

నేను ఈ వ్యాసంలో వాదించేది ఇదొక్కటే. ఫామ్ తెరుచుకున్నప్పుడు కర్సర్ ఎక్కడ నిలబడాలన్నది చివర్లో తీరిక ఉంటే చూసుకునే సోకు పని కాదు, ప్రోగ్రామ్ డిజైన్‌లో అది మొదటి నిర్ణయం. ఆ నిర్ణయం మనం తీసుకోకపోతే టేబుల్ తీసుకుంటుంది. టేబుల్‌కి మొదటిది ప్రైమరీ కీ, అంటే ఒక్కో రికార్డునూ విడిగా గుర్తుపట్టే ఐడీ. కౌంటర్ దగ్గర మొదటిది ఏమిటో టేబుల్‌కి తెలియదు, ఆ కౌంటర్ పక్కన ఓ గంట కూర్చున్నవాడికే తెలుస్తుంది.

సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఐడీ, తేదీ బాక్సులకు ఎనేబుల్డ్ నో, లాక్డ్ యస్ అని రెండూ కలిపి పెట్టాను. ఎనేబుల్డ్ ఒక్కటే తీసేస్తే బాక్సు బూడిదరంగులోకి పోయి చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది. లాక్డ్ ఒక్కటే పెడితే కర్సర్ ఇంకా అందులోకి వెళ్తూనే ఉంటుంది. రెండూ కలిపితే మామూలుగా కనిపిస్తుంది, ఫోకస్ మాత్రం తీసుకోదు. ఫోన్ నంబర్‌కి ట్యాబ్ ఇండెక్స్ సున్నా ఇచ్చాను. పేరు ఒకటి, వయసు రెండు. సాయంత్రం ల్యాబ్ కట్టేసే వేళకి కొత్త ఫైల్ పెట్టేసి, మంచి పని చేశానన్న తృప్తితో వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఏడింటికి ఫోన్. "తమ్మీ, ఏం జేసినవ్? నిన్నటిదాంక మంచిగనే ఉండె గదా."

ఆమె వేళ్లు అలవాటు ప్రకారం టక్ టక్ అన్నాయి. కర్సర్ ఇప్పుడు ఫోన్ నంబర్ దగ్గరే ఉంది కదా, రెండు ఎంటర్లకు అది వయసు బాక్సులోకి పోయింది. పది అంకెల ఫోన్ నంబర్ వయసులో పడింది. వయసు 120 దాటితే తీసుకోవద్దని నేను పెట్టిన వాలిడేషన్ దాన్ని ఆపింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు రిపోర్టులన్నీ తప్పుల తడకే. ముందరి ఫైల్ మళ్లీ పెట్టేస్తానక్కా అన్నాను. వద్దంది. "ఉండనీ తమ్మీ, ఇదే మంచిగుంది. చెయ్యి మళ్లెదాంక కొంచెం కష్టం, అంతే." పది రోజులు పట్టింది ఆ చెయ్యి మళ్లడానికి. ఆ పది రోజుల్లో ఎన్నిసార్లు తప్పు పడిందో, లైన్‌లో ఎవరెవరు విసుక్కున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగడానికి ధైర్యం చేయలేదు.

మొదటి రోజే కర్సర్ సరైన చోట ఉండాలని నేను ఇంత గట్టిగా అనడానికి ఆ పది రోజులే కారణం. రంగులు తర్వాత మార్చుకోవచ్చు, రిపోర్టు ఫార్మాట్ తర్వాత మార్చుకోవచ్చు, వాటిని కళ్లు వెంటనే గుర్తుపడతాయి. కర్సర్ ఉండే చోటు వేళ్లలోకి వెళ్లిపోతుంది. అక్కడికి వెళ్లిపోయాక మంచికి మార్చినా మొదట నష్టమే జరుగుతుంది.

దీన్ని ఎవరూ నేర్పకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కూడా ఉంది. మైత్రివనం వెనక గల్లీల్లో వీబీ సిక్స్, అంటే విజువల్ బేసిక్, నేర్చుకున్న రోజులు నాకు బాగా గుర్తు, అమీర్‌పేటలో జిరాక్స్ నోట్సు పట్టుకుని ఒక బ్యాచ్ బయటికి వస్తుంటే ఇంకో బ్యాచ్ లోపలికి పోయేది. అక్కడ డేటా కంట్రోల్, ఏడీవో, కనెక్షన్ స్ట్రింగ్ అన్నీ చెప్పారు. ఫోకస్ గురించి ఎప్పుడు తెలిసిందంటే, ఫామ్ తయారయ్యేటప్పుడు నడిచే లోడ్‌లో ఒక టెక్స్ట్ బాక్సుకి ఫోకస్ ఇవ్వమని సెట్‌ఫోకస్ రాస్తే రన్‌టైమ్ ఎర్రర్ 5 వచ్చినప్పుడు. ఇన్‌వాలిడ్ ప్రొసీజర్ కాల్ ఆర్ ఆర్గ్యుమెంట్ అంటుంది. ఆ మెసేజ్ చదివితే ఏ ఆర్గ్యుమెంట్, ఎక్కడ తప్పు అని గంటసేపు వెతుక్కోవాలి, ఎందుకంటే మనం ఆర్గ్యుమెంట్, అంటే ఆ పిలుపుతో పాటు పంపే విలువ, ఇవ్వనే లేదు. అసలు సంగతి వేరు. లోడ్ జరిగేటప్పుడు ఫామ్ ఇంకా తెర మీదికి రాలేదు. కనిపించని కిటికీలోని బాక్సుకి కీబోర్డు అప్పగించడం వీబీలో కుదరదు. ఇంటి తలుపే తీయకుండా చుట్టాన్ని లోపల కుర్చీలో కూర్చోమన్నట్టు. ముందు షో అని పిలిచి తర్వాత సెట్‌ఫోకస్ పిలిస్తే పనిచేస్తుంది, లేదా ఫామ్ ముందుకు వచ్చినప్పుడు నడిచే యాక్టివేట్ ఈవెంట్‌లో రాయాలి. యాక్టివేట్‌లో రాస్తే ఇంకో జాగ్రత్త, అదే ప్రోగ్రామ్‌లో ఇంకో ఫామ్‌లోకి వెళ్లి తిరిగి వచ్చిన ప్రతిసారీ అది మళ్లీ నడుస్తుంది. సగం నింపిన ఫామ్‌లో ఉన్న మనిషిని పట్టుకెళ్లి మళ్లీ మొదటి బాక్సులో కూర్చోబెడుతుంది. ఒకసారి జరిగిందా లేదా అని ఒక వేరియబుల్ పెట్టుకోవాల్సిందే.

చాలామంది అప్పట్లో టైమర్ పెట్టేవాళ్లు. ఫామ్ తెరిచాక కాసేపు ఆగి ఫోకస్ ఇవ్వడం. నాకు అది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మన మెషీన్ మీద కనిపించని ఆ కొద్ది ఆలస్యం కౌంటర్ దగ్గరి పాత మెషీన్ మీద రెండు మూడు అక్షరాల ఆలస్యం అవుతుంది, వేగంగా టైప్ చేసేవాళ్ల మొదటి రెండు అంకెలు ఒక బాక్సులో, మిగతావి ఇంకో బాక్సులో పడతాయి.

వీబీ సిక్స్ తర్వాత వచ్చిన డాట్ నెట్ విండోస్ ఫామ్స్‌కి వచ్చేసరికి ఈ తప్పు ఇంకా ప్రమాదంగా మారింది, ఎర్రరే రాదు. లోడ్‌లో ఫోకస్ అని పిలిస్తే అది ఫాల్స్ అని ఒక జవాబిచ్చి ఊరుకుంటుంది, ఆ జవాబు ఎవరూ చూడరు. అక్కడ చేయాల్సింది ఫామ్‌కి ఉండే యాక్టివ్ కంట్రోల్ ప్రాపర్టీలో మనకు కావలసిన బాక్సు పేరు ఇవ్వడం, లేదంటే ఫామ్ తెర మీద కనిపించాక జరిగే షోన్ ఈవెంట్ దాకా ఆగడం. డెల్ఫీ అనే ఇంకో ప్రోగ్రామింగ్ టూల్‌లో కూడా యాక్టివ్ కంట్రోల్ ఉంది, కనిపించని దానికో డిసేబుల్ అయినదానికో ఫోకస్ ఇవ్వబోతే అది మాత్రం ఎక్సెప్షన్‌తో గట్టిగానే చెబుతుంది. వీటన్నిటికీ అడుగున ఉన్న విండోస్‌లో డైలాగ్ బాక్సులకి ఉన్న ఏర్పాటు నాకు చాలా ఇష్టం. డైలాగ్ బాక్స్ తయారైనప్పుడు విండోస్ ప్రోగ్రామ్‌కి ఇనిట్ డైలాగ్ అనే మెసేజ్ పంపుతుంది. దానికి మనం ట్రూ అని తిరిగి చెబితే ట్యాబ్ కొడితే చేరుకోగల మొదటి కంట్రోల్‌కి విండోసే ఫోకస్ ఇస్తుంది. నేనే ఇచ్చుకున్నాను, నువ్వు కదపకు అని చెప్పాలంటే ఫాల్స్ అనాలి. డైలాగ్ పుట్టగానే ప్రోగ్రామర్‌ని విండోస్ అడిగే ప్రశ్న అది, కర్సర్ ఎక్కడ పెట్టాలో నువ్వు చెబుతావా, నన్ను చూసుకోమంటావా అని. ఆ ప్రశ్న మన దాకా రాకుండా పైనున్న టూల్స్ తామే చూసేసుకుని మనల్ని మరిపించాయి.

దీనికి తోటి ప్రోగ్రామర్లు చెప్పే జవాబు ఒకటుంది, మౌస్‌తో ఒక క్లిక్ కొడితే పోయేదానికి ఇంత గొడవ ఎందుకని. సరే, ఆ క్లిక్ ఎంతో లెక్క వేద్దాం. స్టువర్ట్ కార్డ్, థామస్ మొరాన్, అలెన్ న్యూవెల్ 1980లో కీబోర్డు పనులకు ఒక లెక్క ఇచ్చారు, దాన్ని కీస్ట్రోక్ లెవెల్ మోడల్ అంటారు. అందులో చెయ్యి కీబోర్డు మీంచి మౌస్ మీదికి పోవడానికి 0.4 సెకను, మౌస్‌ని గురి దగ్గరికి తేవడానికి 1.1 సెకను, ఒక నొక్కుకి సుమారు 0.2 సెకను, చెయ్యి వెనక్కి రావడానికి మళ్లీ 0.4. మొత్తం 2.1 సెకన్లు. 150 మంది పేషెంట్లు వచ్చే రోజు 315 సెకన్లు, అంటే ఐదు నిమిషాల పైచిలుకు. ఐదు నిమిషాలే కదా అనేవాళ్లున్నారు, నిజమే, ఒక చాయ్ టైమ్. నేనూ సెకన్ల కోసం ఈ వాదన చేయడం లేదు. ఆ మోడల్‌లోనే ఇంకో అంకె ఉంది, మనిషి మనసులో తర్వాతి అడుగు సిద్ధం చేసుకోవడానికి 1.35 సెకను. మౌస్ పట్టుకున్నవాళ్లు చీటీ మీంచి చూపు తీయాలి, స్క్రీన్ మీద బాణం ఎక్కడుందో వెతకాలి, మళ్లీ చీటీలో ఏ లైను దగ్గర ఆగామో వెతుక్కోవాలి. అక్కడే ఒక టెస్టు ఎక్కకుండా పోతుంది, అక్కడే రాజేశ్వరి అని ఉన్నది రాజేశ్వర్ అవుతుంది. ఎదురుగా పరగడుపున నిలబడ్డ పెద్దాయన చెప్పిన మాట రెండోసారి అడగాల్సి వస్తుంది.

పైగా కర్సర్ తప్పు చోట ఉన్నప్పుడు పోయేది ఎప్పుడూ టైమ్ ఒక్కటే కాదు. లాగిన్ ఫామ్ తీసుకోండి. యూజర్ పేరు నిన్నటిది గుర్తుపెట్టుకుని నింపి ఉంచుతాం, బానే ఉంది, కానీ కర్సర్‌ని మాత్రం మళ్లీ యూజర్ పేరు బాక్సులోనే వదిలేస్తాం. పేరు ఎలాగూ ఉంది కదా అని మనిషి సూటిగా పాస్‌వర్డ్ కొట్టేస్తాడు. అది చుక్కలు కాకుండా అక్షరాలుగా, లైన్‌లో మొదట నిలబడ్డ వాళ్లకి కనిపించేలా తెర మీద పడుతుంది. పేరు నిండి ఉంటే పాస్‌వర్డ్ దగ్గర, ఖాళీగా ఉంటే పేరు దగ్గర కర్సర్ పెట్టడానికి ఒక ఇఫ్ చాలు.

మలక్‌పేటలో ఒక జనరల్ స్టోర్‌కి బిల్లింగ్ రాసినప్పుడు ఇంకో రకం దెబ్బ తగిలింది. కౌంటర్ల దగ్గర వాడే బార్‌కోడ్ స్కానర్లలో ఎక్కువ శాతం కంప్యూటర్ దృష్టిలో కీబోర్డులే. బీప్ అనగానే 13 అంకెలు టైప్ చేసినట్టు పంపి, చివర ఎంటర్ కొడతాయి. ఆ అంకెలు ఎక్కడికి పోవాలో స్కానర్‌కి తెలియదు, కర్సర్ ఎక్కడుంటే అక్కడ పడతాయి. నేను పద్ధతిగా ఉంటుందని, వస్తువు స్కాన్ అవగానే కర్సర్‌ని క్వాంటిటీ బాక్సుకి పంపాను. అందులో ఒకటి అని ముందే నింపి ఉంచాను కూడా. కౌంటర్ మీద అమ్మాయి సబ్బు స్కాన్ చేసింది, ఒకటే కదా అని ఎంటర్ కొట్టకుండా వెంటనే బిస్కెట్ ప్యాకెట్ చూపించింది. మన దగ్గర రిజిస్టర్ అయిన కంపెనీల బార్‌కోడ్లు 890తో మొదలవుతాయి. క్వాంటిటీ బాక్సులో 8901తో మొదలయ్యే 13 అంకెలు పడ్డాయి. అంటే ఎనిమిది లక్షల తొంభై వేల కోట్ల సబ్బులు. ఆ ఫీల్డు లాంగ్ ఇంటిజర్ కావడం అదృష్టం, 214 కోట్లు దాటితే అది తీసుకోదు కాబట్టి ఎర్రర్ వచ్చింది. ఇంకా పెద్ద అంకెలు పట్టే డబుల్ పెట్టి ఉంటే నోరు మూసుకుని తీసుకునేది.

అక్కడే ఇంకోటి చూశాను. ఎస్కేప్ కీ పొరపాటున తగిలితే బిల్లు రద్దు చేయాలా అని అడిగే మెసేజ్ పెట్టాను, అవును, కాదు రెండు బటన్లు. మామూలుగా వీబీఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) మెసేజ్ బాక్సులో ఫోకస్ మొదటి బటన్ మీద ఉంటుంది, అంటే అవును మీద. ఆ అమ్మాయి మెసేజ్ గమనించలేదు, చేతిలో ఉన్న వస్తువు స్కాన్ చేసింది. అంకెల్ని మెసేజ్ బాక్స్ పట్టించుకోలేదు, చివర స్కానర్ పంపిన ఎంటర్‌ని మాత్రం అవును అని తీసుకుంది. పద్నాలుగు వస్తువుల బిల్లు మాయం. అవతల సంచి పట్టుకుని నిలబడ్డ మనిషి సంచిలోంచి అన్నీ మళ్లీ తీసి కౌంటర్ మీద పెట్టాల్సి వచ్చింది. మెసేజ్ బాక్సులో డిఫాల్ట్ బటన్ టూ అని ఒక మాట రాసి ఉంటే ఇది జరిగేది కాదు. దేన్నైనా తుడిచేసే ప్రశ్న అడిగేటప్పుడు ఫోకస్‌ని "కాదు" అనే బటన్ దగ్గర నిలబెట్టాలి, ఇందులో రెండో అభిప్రాయం ఉండటానికి వీల్లేదనుకుంటాను. క్వాంటిటీ సంగతి కూడా మార్చాను, ఇప్పుడు ఏ వస్తువు స్కాన్ అయినా కర్సర్ బార్‌కోడ్ బాక్సుకే తిరిగి వస్తుంది, ఒకటి కంటే ఎక్కువ కావాలంటే ఒక ఫంక్షన్ కీ నొక్కి క్వాంటిటీకి వెళ్తారు.

ల్యాబ్ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అక్కడ కథ ట్యాబ్ ఇండెక్స్‌తో అయిపోలేదు. ప్రతి పేషెంట్‌కీ ఫామ్ మూసి తెరవడం ఎందుకని, సేవ్ నొక్కగానే అదే ఫామ్ కొత్త రికార్డుకి వెళ్లేలా చేశాను. అప్పుడు తెలిసింది, రికార్డు మారినా ఫోకస్ మారదని. ఏ బటన్ నొక్కామో ఆ సేవ్ బటన్ మీదే ఉండిపోయింది. ఫామ్ ఓపెన్, లోడ్ ఒక్కసారే జరుగుతాయి, కరెంట్ ఈవెంట్ మాత్రం రికార్డు మారినప్పుడల్లా జరుగుతుంది. మనం మొదటి కర్సర్ అంటున్నది ఆపరేటర్ లెక్కలో రోజుకు ఒకసారి కాదు, పేషెంట్‌కి ఒకసారి. కాబట్టి కరెంట్‌లో రాయాలి. అయితే అక్కడ కూడా కళ్లు మూసుకుని రాస్తే తప్పే, పాత రికార్డులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ బాకీ ఎంతుందో చూస్తున్నప్పుడు ప్రతి రికార్డుకీ కర్సర్ ఫోన్ నంబర్‌కి ఎగిరిపోతే చూసేవాళ్లకి పిచ్చెక్కుతుంది. కొత్త రికార్డైతేనే ఫోన్ నంబర్‌కి పో అని షరతు పెట్టాను. సేవ్ అయ్యాక బటన్‌ని డిసేబుల్ చేద్దామంటే ఎర్రర్ 2164, ఫోకస్ ఉన్న కంట్రోల్‌ని డిసేబుల్ చేయకూడదట. ముందు ఫోకస్ వేరేచోటికి పంపి తర్వాత చేయాలి. టెస్టుల జాబితా సబ్‌ఫామ్‌లో, అంటే ఫామ్ లోపలి ఇంకో ఫామ్‌లో, ఉంటుంది, అక్కడికి నేరుగా దూకలేం, ముందు సబ్‌ఫామ్ కంట్రోల్‌కి ఫోకస్ ఇచ్చి ఆ తర్వాత అందులోని బాక్సుకి ఇవ్వాలి.

పాత రికార్డు తెరిచినప్పుడు కర్సర్ ఎక్కడుండాలన్నది వేరే ప్రశ్న అని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. యాక్సెస్‌లో మామూలుగా ఒక ఫీల్డులోకి కీబోర్డుతో వెళ్తే అందులో ఉన్నదంతా సెలెక్ట్ అవుతుంది, తర్వాత ఏ ఒక్క కీ తగిలినా పాతది పోయి ఆ అక్షరం వస్తుంది. టేబుల్‌కి నేరుగా కట్టిన బౌండ్ ఫామ్ అయితే రికార్డు దాటగానే అడగకుండానే సేవ్ అవుతుంది. ల్యాబ్‌లో రాత్రి ఎవరో ఒక పేషెంట్ వివరాలు తెరిచి అలాగే వదిలేసి వెళ్లారు, కర్సర్ పేరు మీద ఉంది. పొద్దున ఊడ్చేటప్పుడు కీబోర్డు మీద గుడ్డతో తుడిచారు. ఆ పేషెంట్ పేరు మూడు సెమికోలన్లు అయిపోయింది. ఫోన్ నంబర్ ఉంది కాబట్టి ఎవరో తెలిసింది, అడిగి మళ్లీ రాసుకున్నారు. ఆ తర్వాత నేను పాత రికార్డు తెరిచే ఫామ్‌లన్నిటిలో కర్సర్‌ని "వెతుకు" అనే బాక్సులో పెడుతున్నాను. అక్కడ ఎన్ని సెమికోలన్లు పడినా ఎవరి పేరూ పోదు.

నాకు చూపు లేని మిత్రుడు ఒకరున్నారు, సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీదే పనిచేస్తారు, ఎన్‌వీడీఏ వాడతారు. చూపు లేని ఆస్ట్రేలియన్ మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ అది, తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. ఫామ్ తెరుచుకోగానే అది ఫోకస్ ఉన్న కంట్రోల్ పేరు చదువుతుంది. నా ఫామ్ ఒకటి ఆయనకు చూపించాను. తెరవగానే "ఎడిట్" అని మాత్రం వినిపించింది, ఏ ఎడిట్ బాక్సో తెలియదు, ఎందుకంటే నేను లేబుల్‌ని బాక్సుకి అతికించకుండా విడిగా గీశాను. ఆయన మర్యాదస్తుడు, "బానే ఉందండీ, ఇది పేరా, ఫోన్ నంబరా?" అని అడిగారు. కర్సర్ సరైన చోటే ఉంది, అయినా ఆయన విషయంలో అది ఎక్కడా లేనట్టే. అప్పట్నుంచి ట్యాబ్ వరుస చూసేటప్పుడే లేబుళ్లు కూడా చూసుకుంటాను, కళ్లు మూసుకుని ఎన్‌వీడీఏ పెట్టి ఒకసారి ఫామ్ మొత్తం నడుస్తాను. మీరూ చేసి చూడండి, ట్యాబ్ వరుసలో కొత్తగా చేర్చిన ఫీల్డు అట్టడుగుకి పోయిన సంగతి వెంటనే బయటపడుతుంది.

ఇప్పుడు ఛత్తా బజార్‌లో ఒక శుభలేఖల షాపుకి ఆర్డర్ల ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఈసారి టేబుల్ గీయడానికి ముందే వెళ్లి రెండు రోజులు వాళ్ల కౌంటర్ పక్కన కూర్చున్నాను. వెళ్లేముందు నా కాగితం మీద వరుస ఇలా ఉంది, వధువు పేరు, వరుడి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ముహూర్తం. పెళ్లికార్డు చదివినప్పుడు మనకు కనిపించే వరుస అదే కదా. తెలుగు పేర్లు కాబట్టి ఆ బాక్సులకి కీబోర్డ్ లాంగ్వేజ్ ప్రాపర్టీలో తెలుగు పెట్టాలని కూడా రాసుకున్నాను. యాక్సెస్‌లో ఆ సౌకర్యం ఉంది, ఫోకస్ బాక్సులోకి రాగానే కీబోర్డు దానంతటదే తెలుగుకి మారుతుంది, ఇంగ్లీషు పెట్టిన ఫోన్ నంబర్‌కో మెయిల్‌కో వెళ్తే ఇంగ్లీషుకి వస్తుంది, ఆపరేటర్ ప్రతిసారీ మార్చుకోనక్కర్లేదు.

ఒక కుటుంబం వచ్చింది, తల్లి, తండ్రి, పెళ్లికొడుకు చిన్నాన్న. కూర్చోకముందే షాపాయన అడిగిన మొదటి మాట, "పెండ్లెప్పుడన్నా?" పేర్లు కాదు, మోడల్ కాదు. ఇరవై రోజులు ఉంటే ఒక రకం కార్డులు చూపిస్తారు, వారమే ఉంటే స్టాక్‌లో ఉన్నవే చూపిస్తారు, మూడు రోజులే అంటే వచ్చినవాళ్లని పక్క షాపుకి పంపేస్తారు. పేర్లు అడిగేది చిట్టచివర, అడ్వాన్స్ ఇచ్చాక, అదీ కాగితం మీద వాళ్ల చేతే రాయించుకుని. రెండు రోజుల్లో వచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా ఇదే.

నా కాగితం మీది వరుస కొట్టేసి, ముహూర్తం తేదీకి ట్యాబ్ ఇండెక్స్ సున్నా అని రాసుకున్నాను. పోయిన శనివారం మొదటి ఫామ్ చూపించాను. షాపాయన అలవాటుగా "పెండ్లెప్పుడు?" అన్నాడు, నేను "పద్దెనిమిది" అన్నాను, ఆయన కీబోర్డు వైపు చూడకుండానే ఒకటి, ఎనిమిది కొట్టి, కార్డుల ఆల్బమ్ అందుకోవడానికి వెనక్కి తిరిగాడు.